నాలుగు నక్షత్రాల దయ్యం సినిమా

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న ఈరీ పట్టణంలో బెర్నడీన్ వోజ్నియాక్ పేరు తెలియనివాళ్లు లేరు. చాలా ఏళ్లుగా శుక్రవారం పత్రికలో సినిమాల మీద రాసేది ఆవిడే. ఆవిడ మెచ్చుకుందని టికెట్టు కొనేవాళ్లు సగం, తిట్టిందని పనిగట్టుకుని వెళ్లేవాళ్లు సగం. ఎవరేమన్నా ఆవిడకు ఖాతరు లేదు. ఒక్క నియమం మాత్రం ప్రాణంలా పట్టుకుంది: సినిమాలో ఏం జరుగుతుందో ముందుగా ఎవరికీ చెప్పదు, సొంత అక్కకైనా సరే.

ఆ అక్క లూసిల్. ఆమె కొడుకు రస్సెల్ ఒక చలికాలం చేపలు పడదామని గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లాడు. మంచు విరిగి మునిగిపోయాడు. అప్పట్నుంచీ లూసిల్ గడప దాటడమే గగనమైపోయింది.

నవంబరులో ఒక దయ్యం సినిమా వచ్చింది. పత్రికలవాళ్లకు పొద్దున్నే విడిగా వేసిన ఆటలో చూసింది బెర్నడీన్. నిజంగా దయ్యమే ఉందో, మనిషి మనసే అలా ఆడిస్తోందో చివరిదాకా తేల్చని తీరుకు మురిసిపోయి, నాలుగుకు నాలుగు నక్షత్రాలూ ఇచ్చేసింది. దుఃఖం మీద ఇంత ధైర్యంగా ఎవరూ సినిమా తీయలేదని రాసింది. కథలో చచ్చిపోయిన పిల్లాడున్నాడని మాత్రం రాయలేదు. నియమం కదా మరి! అక్క కూడా ఆ పత్రికే చదువుతుందన్న ఆలోచనే రాలేదు ఆ మహాతల్లికి.

శనివారం సాయంత్రం ఆట వదిలే వేళకు, అలవాటు ప్రకారం హాలు గుమ్మం దగ్గర నిలబడింది. జనం రుసరుసలాడుతూ బయటికొచ్చారు.

"ఏమమ్మా బెర్నీ, నాలుగు నక్షత్రాలా? నాలుగు తలనొప్పి మాత్రలిచ్చినా బాగుండేది!" అన్నాడు ఇనుప సామాన్ల కొట్టు స్టాన్లీ.

"ఇంతకీ దయ్యం ఉన్నట్టా, లేనట్టా? అదన్నా చెప్పి చావొచ్చుగా!" అంది అతని పెళ్లాం.

బెర్నడీన్ నవ్వుకుంది. జనానికి ఎక్కకపోతే ఆవిడకు లోలోపల కాస్త గర్వం.

చిట్టచివర లూసిల్ వచ్చింది. బెర్నడీన్ గబగబా ఎదురెళ్లింది.

"అక్కా! నువ్వెందుకొచ్చావ్?"

"నువ్వు బాగుందన్నావుగా, వచ్చాను."

"నీకైనా ముందు చెప్పాల్సింది. బుద్ధి లేదు నాకు."

"నువ్వు చెప్పవని ఊరందరికీ తెలుసులే." లూసిల్ కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుంటోంది. "చివర్లో పిల్లాడు తలుపు కొడుతుంటే వాళ్లమ్మ తియ్యలేదు. నువ్వన్న ధైర్యం అదేనా?"

బెర్నడీన్ తలూపింది.

"నేనైతే తీసేదాన్ని. మావాడూ పిలుస్తున్నాడే. కుళాయి తిప్పితే చాలు, వినిపిస్తాడు."

ఈ మాట లూసిల్ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఎలాంటి సినిమా మీదైనా అప్పటికప్పుడు తీర్పు చెప్పే బెర్నడీన్‌కు అక్క కోటు బొత్తాలు విప్పి సరిగ్గా పెట్టడమే తోచింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"నీతో ఇంటికొస్తానక్కా."

"వచ్చి? దాని మీదా రాస్తావా?"

"రాయను."

లూసిల్ చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"పద అయితే. వాడు పిలిచినప్పుడు నీకు వినబడిందనకు, వినబడలేదనకు. నా చెయ్యి మాత్రం వదలకు."