నిలబడితే చచ్చిపోతామా?

ఇన్‌స్పెక్టరు గారు వీడియో గేము కొనడానికి వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇందులో ఊరికే నిలబడితే చచ్చిపోతామా?"

బొమ్మలు బాగుంటాయా, కథేమిటి, ఎంతమంది కలిసి ఆడొచ్చు, ఇవేవీ ఆయనకు పట్టవు. ఆటలో మన మనిషిని ఒకచోట నిలబెట్టి, కంట్రోలరు బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ మనిషి ఎంతసేపు ప్రాణాలతో ఉంటాడన్నది తేలాలి. అది తేలేదాకా బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా ఆయన చెయ్యి జేబులోకి వెళ్లదు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. రిటైరై ఏడేళ్లయినా, ఆయన వీధిలో నడిచొస్తుంటే పచారీ కొట్లవాళ్లు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇప్పటికీ తమ తక్కెడల వైపు చూసుకుంటారు. ఏటా మొదటి చలిగాలి వీచిన మర్నాడు, ఒక చేతిలో స్టాప్‌వాచీ, ఇంకో చేతిలో నోటుబుక్కు పట్టుకుని గేముల షాపు తలుపు తోసుకుని లోపలికొస్తారు. చలికాలం మొత్తానికి ఆయన కొనేది ఒక్క ఆట.

"ఒక్కటేనా సార్? రాత్రులు ఎంత పొడుగో చూడండి. ఇంకో రెండు కూడా తీసుకెళ్లండి" అంది షాపావిడ మొదటి ఏడు.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదమ్మా. ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ తూకానికి నిలవాలి."

ఆ షాపావిడ పదిహేనేళ్లుగా గేములు అమ్ముతోంది. నోరు గట్టిది. తన షాపులో తనకు తెలియనిది లేదని ధీమా. అలాంటి మనిషికి ఇన్‌స్పెక్టరు గారి పరీక్షలతో తల ప్రాణం తోకకొచ్చింది.

జాంబీల ఆట పెట్టింది. హీరో నిలబడ్డాడు. నాలుగు వైపుల నుంచీ వచ్చి పీక్కు తినేశారు. "నాలుగు సెకన్లు. ఫెయిల్" అని రాసుకున్నారు.

కార్ల పందెం పెట్టింది. ఆయన కారు కదల్లేదు. మిగతా కార్లు మూడు చుట్లు తిరిగొచ్చి హారన్లు కొట్టాయి. "ఇందులో చావు లేదు కదా సార్!" అంది షాపావిడ ఆశగా.

"చావు లేదు గానీ పరువు పోయింది. పరువు పోయాక ప్రాణం ఉండి ఏం లాభం? ఫెయిల్."

చివరికి, ఎవరికీ హాని లేని వ్యవసాయం ఆట పెట్టింది. హీరో పొలం గట్టు మీద హాయిగా నిలబడ్డాడు. పది నిమిషాలు గడిచాయి. షాపావిడ బిల్లు పుస్తకం తీయబోతుండగా తెర మీద ఒక కోడి పక్కకి ఒరిగిపోయింది. దాని వెనక ఇంకొకటి.

"మేత వెయ్యలేదు కదా సార్, అందుకని..."

"అంటే మనం బతికి కోళ్లని చంపుకోవాలా? ఫెయిల్!"

షాపుకొచ్చే కాలేజీ కుర్రాళ్లు ఆయనకు 'స్టాచ్యూ మామయ్య' అని పేరు పెట్టారు. షాపావిడ కూడా ఆయన అటు వెళ్లగానే చేతులు కట్టుకుని, కళ్లు పెద్దవి చేసి "నిలబడితే చచ్చిపోతామా?" అని అనుకరించి వాళ్లని నవ్వించేది.

ఆ నవ్వు నాలుగో చలికాలంలో ఆగిపోయింది.

ఆ ఏడు అడుగు అరలో దుమ్ము పట్టిన ఆట ఒకటి తీసి పెట్టింది. సముద్రం మధ్య దీపస్తంభం, దానికొక కాపలాదారు. ఆయన కాపలాదారుని ఒడ్డున రాతి మీద నిలబెట్టి చేతులు కట్టుకున్నారు. పది నిమిషాలైంది. తెర మీద ఎండ తగ్గింది. నీళ్ల రంగు మారింది. అవతలి ఒడ్డున దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఒక పక్షి వచ్చి కాపలాదారు పక్కనున్న కర్ర మీద వాలి, రెక్కలు సర్దుకుని నిద్రపోయింది. షాపావిడ లెక్క చూస్తున్నదల్లా పెన్ను మూసేసింది.

ముప్పై మూడో నిమిషంలో, ఎవరూ ఏ బటనూ నొక్కకుండానే, కాపలాదారు మెల్లిగా రాతి మీద కూర్చున్నాడు. బూటు విప్పాడు. తలకిందులు చేసి దులిపాడు. అందులోంచి చిన్న గులకరాయి పడింది. బూటు తొడుక్కుని మళ్లీ లేచి నిలబడ్డాడు.

షాపావిడ తెర దగ్గరికి వంగి చూసింది. ఆ ఆట అట్టపెట్టె మీది అక్షరాలు కూడా ఆవిడకు కంఠతా వచ్చు. ఆ రాయి సంగతి మాత్రం తెలియదు.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు సార్" అంది.

"ఎలా చూస్తావమ్మా? అందరూ పరిగెత్తేవాళ్లే. ఎవడో మహానుభావుడు, ఎవరూ చూడరని తెలిసి కూడా, ఆ బూటులో రాయి పెట్టాడు. పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు." ఆయన నోటుబుక్కులో 'పాస్' అని రాసి, కాస్త ఆలోచించి, పక్కనే 'గులకరాయి సహా' అని చేర్చారు.

ఆ రోజు నుంచి షాపావిడ ఆయన్ని అనుకరించడం మానేసింది. ఎవరన్నా నవ్వితే కసిరేది కూడా.

ఈ ఏడు మాత్రం పరిస్థితి బాగాలేదు. కొత్తగా వచ్చిన ఆటలన్నీ నిలబడనిచ్చే రకం కాదు. ఇరవై రోజులు వరసగా వచ్చారు. ఇరవై ఆటలు ఫెయిలయ్యాయి. ఈలోగా చలి ముదిరింది. షాపు అద్దాల మీద పొద్దున్నే మంచు పేరుకుంటోంది.

"పాత ఆటే మళ్లీ ఆడుకోకూడదా సార్?"

"అన్నీ అయిపోయాయమ్మా. చలి ముందే వచ్చేసింది. ఆట దొరకలేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వాడిపోయింది. ఒక ఆట కోసం అంత దిగులేమిటో షాపావిడకు అర్థం కాలేదు. ఆ దిగుల్లో ఆయన స్టాప్‌వాచీ బల్ల మీదే మరచి వెళ్లిపోయారు. ఇన్‌స్పెక్టరు గారు వాచీ మరచిపోవడమంటే మాటలు కాదు. సాయంత్రం షాపుకి తాళం వేసి, దాన్ని పట్టుకుని ఆయన ఇంటికి బయల్దేరింది.

రెండో అంతస్తు. తలుపు తీసింది ఒక పెద్దావిడ. భుజాల మీద శాలువా, చేతులకి ఉన్ని తొడుగులు.

"గేములమ్మాయివా? రా, లోపలికి రా. తమ్ముడు మందుల షాపుకెళ్లాడు. నేను వాడి అక్కని."

గదిలో కిటికీ పక్కన పాత టైపు మిషను. టీవీ ముందు రెండు కుర్చీలు. ఒక కుర్చీలో కంట్రోలరు. దానికి ఎవరో ముతకగా ఉన్ని చొక్కా అల్లి తొడిగారు, బటన్లకు మాత్రం కంతలు వదిలి.

"అది వాడే అల్లాడు. ఇనుములా చల్లగా ఉంటుందిట" అంది అక్కగారు. "కోర్టులో ముప్పై ఏళ్లు టైపిస్టుని తల్లీ. జడ్జీ గారి నోట్లోంచి మాట ఊడేలోపు నా కాగితం మీద పడేది. ఇప్పుడు చలికాలం వస్తే వేళ్లు కొయ్యబారిపోతాయి. రోజూ సాయంత్రం ఆడిస్తూ ఉండకపోతే అలాగే ముడుచుకుపోతాయన్నాడు డాక్టరు. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. రెండో రోజే కిటికీలోంచి విసిరేశా."

"అందుకని గేములా?"

"మొదట్లో ఎవరి దగ్గరో అడిగి ఏదో కత్తియుద్ధం ఆట తెచ్చాడు. నా వేలు బటన్ దగ్గరికి వెళ్లేలోపు పదకొండు సార్లు చచ్చాను. నా వేళ్లకే నేను అలుసైపోయానని ఏడుపొచ్చింది. చేతులు శాలువాలో దాచేసుకున్నా. నెల రోజులు బయటికి తీయలేదు. అప్పుడు వాడు వాచీ తెచ్చి, నా వేలు బటన్ దాకా వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. యాభై సెకన్లు. అంతసేపు నన్ను చావనివ్వని ఆట తెస్తానని ఆ రోజు బయల్దేరిన మనిషి, ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు."

షాపావిడ చేతిలోని స్టాప్‌వాచీ వైపు చూసింది. కోళ్లు, కార్లు, జాంబీలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఇంత పెద్ద ప్రేమ తన బల్ల మీద ఆరేళ్లుగా టిక్కుటిక్కుమంటుంటే తనకు వినిపించలేదు.

"ఒక రహస్యం చెప్తాను, వాడికి చెప్పకు" అక్కగారు దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఇప్పుడు నా వేళ్లకి మూడు సెకన్లు చాలు. రెండేళ్లయింది."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నేను బటన్ వెతుక్కుంటుంటే వాడు పక్కన కూర్చుని, 'తొందరేం లేదక్కా, వాడు నిలబడే ఉంటాడు' అంటాడు. ఆ మాట కోసం రెండేళ్లుగా నెమ్మదిగా నొక్కుతున్నా. కానీ అమ్మాయ్, ఆ దీపస్తంభం వాడు బూటు దులపడం వందసార్లు చూశాను. నా వల్ల కాదు. చచ్చేలోపు ఒక్కడినైనా కొట్టాలి!"

షాపావిడ ఇంకేం వినలేదు. మెట్లు దిగి పరిగెత్తింది. ఇన్నాళ్లూ తీయని అరొకటి ఉంది: ఇద్దరు కలిసి ఆడే ఆటలది. ఒక ఆటా, ఇంకో కంట్రోలరూ పట్టుకుని తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు గారు ఇంట్లోనే ఉన్నారు. వాచీ అందుకుంటూనే అడిగారు:

"ఇందులో ఊరికే నిలబడితే చచ్చిపోతామా?"

"ఇందులో ఇద్దరుంటారు సార్. ఒకరిది డాలు, ఒకరిది కత్తి. మీరు డాలు పట్టుకుని ఊరికే నిలబడాలి. మీరు నిలబడినంతసేపూ అక్కగారు చావరు."

ఆయన పెన్ను గాల్లోనే ఆగింది. ఇంతవరకు ఏ ఆటా ఆ ప్రశ్నకు అలాంటి జవాబు చెప్పలేదు. నోటుబుక్కు మూసి, కొత్త కంట్రోలరు అందుకుని, డాలు పట్టుకుని నిలబడ్డారు.

రాక్షసులు వచ్చారు. అక్కగారు మొదటివాణ్ని చూసి తొడుగులు పీకి అవతల పారేసింది. టైపు మిషను మీద లాగా టకటకా మొదలైంది. నిమిషంలో తొమ్మిదిమంది నేలకరిచారు. ఆ తర్వాత గానీ ఆవిడకు తమ్ముడు పక్కనే ఉన్నాడన్న సంగతి గుర్తురాలేదు. దొంగచూపు చూసింది.

"కంగారుపడకు" అన్నారాయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ముప్పై నాలుగేళ్లు దొంగ తూకాలు పట్టినవాణ్ని. నీ దొంగ వేళ్లు పట్టలేననుకున్నావా?"

"తెలుసా? మరి ఆ చేపలు పట్టే ఆటలూ, దీపస్తంభాలూ ఎందుకు తెచ్చావురా?"

"నీకు నిదానం ఇష్టమేమో అనుకున్నా."

"ఇష్టమా! ఆ బూటు నాకు కలలోకొస్తోంది!"

షాపావిడ నవ్వు ఆపుకుంటూ తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. లోపలి నుంచి ఇద్దరి గొంతులూ వీధి దాకా వినిపిస్తూనే ఉన్నాయి.

"తొందరేం లేదక్కా."

"తొందరుందిరా! పక్కకి జరుగు!"

"జరగను. నేను జరిగితే నువ్వు చస్తావు."