బొక్క ముందు అరచేయి

బోధన్ దగ్గరి మా చెరకు చేలో పందికొక్కులు పట్టడానికి వచ్చే ఆ అవ్వ పేరు నాకిప్పటికీ తెలియదు. బొక్క ముందు అరచేయి పెట్టి, వెచ్చదనాన్ని బట్టి లోపల పందికొక్కు ఉందో లేదో కనిపెట్టేది. ఎంత వెచ్చగా ఉంటే లోపల ఉన్నట్టో అడిగితే మాత్రం చెప్పేది కాదు.

పోయినేడు మనవరాలిని వెంట తెచ్చింది. ఆ పిల్ల ఖాళీ బొక్క తవ్వుతుంటే అవ్వ ఊరికే చూస్తూ కూర్చుంది. పక్క బొక్కలోంచి పందికొక్కు ఉరికి తప్పించుకుంది.

"తెలిసి గూడ చెప్పవైతివేంది? రేపటి సంది మందు పెడ్త, నువ్వు రాకు!" మా బాపు అరిచాడు.

అవ్వ లేవలేదు. "పెట్టుకో పటేలా. మా అవ్వ నాకు చెప్పలె, నేను దీనికి చెప్ప. చెప్తె వచ్చేది కాదిది, చెయ్యికే తెల్వాలె. పందికొక్కు పోతె పోనీ, మా విద్దె పోవద్దు."

మనవరాలు అప్పటికే ఇంకో బొక్క ముందు అరచేయి పెట్టింది. చాలాసేపు తీయలేదు. చివరికి తవ్వకుండానే తల అడ్డంగా ఊపి, పక్క బొక్కకు జరిగింది.

అవ్వ అప్పుడు లేచి మా బాపు ముఖంలోకి సూటిగా చూసింది.