గుండ్రటి ఐదు

మొన్న శుక్రవారం పొద్దున తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్ద ఇంజనీరు గారు పోయారట. చేసింది ఆయన అల్లుడు. ముందురోజు మధ్యాహ్నం భోంచేసి పడక కుర్చీలో వాలారట, కాఫీ తెచ్చి లేపితే లేవలేదట. "దోహాలో ముందు మీకే చెప్పమన్నారండీ అత్తయ్య గారు" అన్నాడతను. ఆ మాట వినగానే నాకు దుఃఖం కంటే ముందు గర్వం కలిగింది. ఇక్కడున్న ఇంతమందిలో కబురు ముందు నాకే వచ్చిందని గర్వం. రిసీవర్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

మన సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. "మీకంటే దగ్గరివాళ్ళు ఎవరున్నారండీ" అన్నారు. నిజమే, ఐదేళ్ళు ఆయన పక్క టేబుల్ నాది. ఆ ఐదేళ్ళూ ఆయన్ని చూసి కుళ్ళుకున్నాను. ఈ ముక్క దాచిపెట్టి ఆయన గొప్పతనం మాత్రం రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. జ్ఞాపకం రాయమంటే కడుపుమంట రాశాడేమిటని మీరు విసుక్కోవచ్చు. నా దగ్గరున్న జ్ఞాపకం అదే.

తొంభైల మొదట్లో నేను దోహా వచ్చేసరికి ఆయన ఇక్కడ పాతకాపు. అల్ సద్‌లో ఓ మందుల షాపు పైన మా ఆఫీసు. ఇరుగుపొరుగు దేశాల కరెంటు లైన్లను ఒకదానికొకటి కలపడం సాధ్యమా కాదా అని లెక్కలు తేల్చి, నివేదిక రాసిచ్చే పని మాది. ఎక్కడ సముద్రం అడుగున కేబుల్ వెయ్యాలి, ఎవరి దగ్గర కరెంటు మిగిలితే ఎవరికి పంపాలి, ఇవీ లెక్కలు. అందులో ఒక అధ్యాయం ఆయన సొంతం. సముద్రంలో గాలిమరలు నిలబెట్టి, ఆ కరెంటును అందరూ పంచుకోవాలని. కాళ్ళ కింద గ్యాసు పెట్టుకుని గాలి కోసం వెతకడమేమిటని అందరూ నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వి, మళ్ళీ వెళ్ళి ఆ అధ్యాయమే రాసుకునేవారు.

"చారెడు పంచదార కోసం పక్కింటి తలుపు కొడతాం కదయ్యా. కరెంటుకు కొడితే నామోషీ ఏమిటి?" అనేవారు. ఇదే మాటను మా మేనేజరుకు ఇంగ్లీషులో, రేవు ఆఫీసు వాళ్ళకు అరబిక్‌లో, మా ఆవిడకు గుంటూరు యాసలో చెప్పేవారు. ముగ్గురికీ అర్థమయ్యేది. నేను అదే సంగతి పది పేజీల్లో రాస్తే మా మేనేజరు రెండో పేజీ దగ్గరే ఆవలించాడు. ఒళ్ళు మండదా మరి?

ఎదుటివాళ్ళ కాగితంలో ఏదైనా తేడా కనపడితే "తప్పు" అనేవారు కాదు. పక్కన పెన్సిలుతో కనపడీ కనపడకుండా ఓ ప్రశ్నార్థకం పెట్టి, "మళ్ళీ ఒకసారి చూద్దామా?" అనేవారు. చూద్దాం అన్నప్పుడు తనను కూడా కలుపుకునేవారు. ఆ పెన్సిలు కూడా బ్లేడుతో చెక్కుకునేవారు, షార్ప్‌నర్ పనికిరాదు. చెక్కిన పొట్టును మడతపెట్టిన కాగితంలో పోసి బుట్టలో వేసేవారు. టేబుల్ మీద చిన్న నలుసు ఉండేది కాదు. నా టేబుల్ సంగతి అడక్కండి.

ఇంట్లోనూ నాకు ఆయన బెడద తప్పలేదు. వాళ్ళ ఫ్లాట్ మా కింద అంతస్తే. మా పాపకు లెక్కలు రాకపోతే సరాసరి కిందికి దిగిపోయేది. "పెద్దనాన్న చెబితే వస్తుంది, నువ్వు చెబితే రాదు" అని నా మొహం మీదే అనేసింది. మా ఆవిడ ఇంకో అడుగు ముందు. "ఆయన్ని చూడండి, వాళ్ళావిడకు కూరలు తరిగిస్తూ కూడా ఎంత హాయిగా కబుర్లు చెబుతారో. మీరూ ఉన్నారు, ఎందుకూ?" అనేది. అదేదో వంకాయ కూర రుచి గురించి మాట్లాడినంత తేలిగ్గా అనేసి పోయేది. ఆ రాత్రి నేను వంకాయ ముట్టలేదు.

అసలు సంగతికి వస్తాను.

నేను చేరిన రెండో నెలలో ఆయన కొన్ని లావుపాటి పుస్తకాలు నా ముందు పెట్టారు. రేవు బయట సముద్రంలో దీపస్తంభం దగ్గర కాపలా ఉండేవాళ్ళు రోజుకు మూడుసార్లు గాలి వేగం కొలిచి చేత్తో రాసిన పుస్తకాలు. గాలిమరల అధ్యాయానికి ఆయువుపట్టు అవే. వాటిలో అంకెలన్నీ అరబిక్‌లో ఉన్నాయి. "అరబిక్ అంకెలు వచ్చటయ్యా?" అని అడిగారు. రావంటే ఆయన ముందు చిన్నబోతానని "వచ్చండీ" అనేశాను. నిజానికి మా ఆఫీసు డ్రైవరు ఒకరోజు కారు అద్దం మీద దుమ్ములో రాసి చూపించబోయాడు. నిజామాబాద్ వైపు మనిషి. డ్రైవరు దగ్గర నేర్చుకునేదేమిటని సగం విని తల ఊపాను.

ఆ సగం చదువుతో మూడు వారాలు కూర్చుని పుస్తకాలన్నీ మన అంకెల్లోకి ఎక్కించాను. కొన్నిచోట్ల చుక్క ఉంది, కొన్నిచోట్ల గుండ్రంగా చుట్టి ఉంది. చుక్క పెట్టినా సున్నే, గుండ్రం చుట్టినా సున్నే, రాసేవాడి చేతివాటం అనుకున్నాను. అన్ని పుస్తకాల్లో ఒక్క ఐదైనా తగల్లేదేమిటన్న అనుమానం రాలేదు, ఫస్ట్ క్లాసులో పాసైన ఇంజనీరును. ఆయన నా కాగితాలు తీసుకుని, "నువ్వు చూశావుగా, ఇంక నేను చూడక్కర్లేదు" అన్నారు. ఆయన లెక్క కట్టారు. అనుకున్నదానికంటే గాలి తక్కువగా తేలింది. రెండు రోజులు దిగాలుగా కూర్చున్నారు. లోపల్లోపల నాకు బాగానే ఉంది.

కొన్నాళ్ళకు పక్క దేశంలో, మనామాలో, ఇరుగుపొరుగు దేశాల వాళ్ళ సమావేశం పెట్టారు. ఏ అధ్యాయం ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది అక్కడ తేలుతుంది. కేబుల్ దారి గీసింది నేను కాబట్టి నన్నే పంపుతారనుకున్నాను. మా ఆవిడ సూట్‌కేసు కూడా దులిపి పెట్టింది. మేనేజరు ఆయన్ని పంపాడు. పైగా ఆయన దేశం దాటడానికి కావలసిన ఎగ్జిట్ పర్మిట్ మీద, మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్ సంతకం తీసుకురమ్మని ఆ కాగితం నా చేతికే ఇచ్చాడు. కఫీల్ ఇల్లు ఊరి బయట ఉమ్ సలాల్‌లో. డ్రైవరూ నేనూ బయల్దేరాం. ఆ దారంతా నేను ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

కఫీల్ ఇంటి నంబరు యాభై. ఒకేలా ఉన్న గోడల మధ్య రెండు చుట్లు తిరిగాం. ఒక గేటు మీద గుండ్రం, దాని పక్కన చుక్క ఉన్నాయి. "ఇదేం నంబరు? సున్నా సున్నానా?" అన్నాను.

డ్రైవరు పగలబడి నవ్వాడు. "అరె, గదే యాభై సార్! గుండ్రముంటే సున్న గాదు, అయిదు. సున్నంటే ఉత్త సుక్కనే. గింత సదువుకున్నరు, గది ఎర్కలేదా?"

నా కళ్ళ ముందు ఆ పుస్తకాల పేజీలన్నీ తిరిగాయి. నా పుణ్యాన పదిహేను పదైంది, ఇరవై ఐదు ఇరవైంది, ఉత్త ఐదు సున్నా అయి కూర్చుంది. ఆయన గాలిని నేను మింగేశాను. సమావేశానికి ఇంకా మూడు రోజులుంది. సంతకం తీసుకుని తిరిగి వచ్చాను. ఆయన పర్మిట్ అందుకుని, "ఎండలో తిప్పానయ్యా నిన్ను, పాపం" అని తన ఫ్లాస్కులో మజ్జిగ పోసిచ్చారు. చెప్పడానికి అదే సమయం. మజ్జిగ తాగి గ్లాసు కడిగి ఇచ్చేశాను. మర్నాడూ చెప్పలేదు, ఆ మర్నాడూ చెప్పలేదు. భయం వల్ల అనుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను. భయం కొంతే. ఆయన ఒక్కసారి ఓడిపోతే చూడాలనుంది నాకు.

ఓడిపోయి వచ్చారు. గాలి చాలదని ఆ అధ్యాయం తీసేశారు.

తిరిగి వచ్చిన వారానికి నన్ను తన టేబుల్ దగ్గరికి పిలిచారు. దీపస్తంభం పుస్తకాలు ఆయన ముందు తెరిచి ఉన్నాయి. పెన్సిలు మొనతో ఒక గుండ్రాన్ని చూపించి, "ఇది ఐదయ్యా" అన్నారు.

"అయ్యో! అలాగా సార్?" అన్నాను. నాటకంలో వేషం కట్టినవాడు కూడా అంత బాగా అనడు.

"నేను మనామా వెళ్ళకముందు నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"లేదండీ."

ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత అంకెలన్నీ సరిచేసి సమావేశం వాళ్ళకు ఉత్తరం పంపారు. అందులో పొరపాటు తనదేనని, సరిచూసుకోవలసిన బాధ్యత తనదని ఒక్క వాక్యం ఉంది. టైపు చేసింది నేనే. నా పేరు ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు వెతికాను. లేదు. లేనందుకు ఊపిరి పీల్చుకున్నాను, ఆ వెంటనే మళ్ళీ కుళ్ళు పుట్టింది. తప్పు నాదని అంత సులువుగా ఎలా రాయగలిగాడీ మనిషి? ఆ వాక్యం నాది కావలసింది. జవాబు వచ్చింది. మూసిన అధ్యాయం ఇప్పట్లో తెరవలేమన్నారు. కేబుళ్ళ లెక్కలు మాత్రం ఇప్పటికీ ఆ బల్ల మీద నుంచి ఈ బల్ల మీదికి తిరుగుతూనే ఉన్నాయి. గాలిమరల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నా ప్రమోషన్‌కు రాసిన సిఫారసు ఆయనదే. కిందటేడాది రిటైరై వెళ్ళిపోతూ మా పాపకు రూళ్ళకర్ర, మా ఆవిడకు నిమ్మకాయ ఊరగాయ జాడీ ఇచ్చి వెళ్ళారు. ఆయనకేమీ తెలియదు, అందుకే ఇంత మంచిగా ఉన్నారని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తెలిసినవాడు ఎవడుంటాడలాగ?

శుక్రవారం సాయంత్రం అల్ సద్‌లో మా ఫ్లాట్‌లోనే అందరం కలిశాం. ఒకాయన తనకు ఆయన ఉద్యోగం ఇప్పించిన కథ చెప్పాడు, ఇంకొకావిడ కాన్పు సమయంలో ఆదుకున్న కథ. ప్రతివాళ్ళూ ఆయన తమ సొంతమన్నట్టు మాట్లాడుతుంటే, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పుడూ నేను ఓర్చుకోలేకపోయాను. లేచి వంటింటి వైపు వెళ్ళాను. గుమ్మం దగ్గర మా పాత డ్రైవరు నిలబడి ఉన్నాడు. ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"పెద్దసారు అసోంటి మనిషి మల్ల పుడ్తడా సార్" అన్నాడు. ఏదో జ్ఞాపకం వచ్చి ఏడుపులోనే నవ్వాడు. "మీ సున్నా సున్నా ముచ్చట నేనే జెప్పిన సార్ ఆయనకు. మనామా నుంచి ఒచ్చిన నాడు, ఎయిర్‌పోర్ట్ కాడికెల్లి తీస్కొస్తుంటే. జర మొకం చిన్నగ జేసుకోని కూసున్నడు, నవ్విపియ్యాల్నని జెప్పిన."

"నవ్వారా?"

"లేదు సార్. గది ఎన్నడైంది అని అడిగిండు. మీరు పర్మిట్ మీద సంతకం కోసం పొయిన నాడే అని జెప్పిన. ఇగ బయటికి చూసుకుంట కూసున్నడు. ఇంటికాడ దిగేటప్పుడు, గీ ముచ్చట ఎవ్వల్తోని అనకు, పిల్లగాడు చిన్నబోతడు అన్నడు. గియ్యాల గాయనే పోయె, అందుకే అంటున్న."

అంటే ఆ రోజు టేబుల్ దగ్గర నన్ను అడిగినప్పుడు ఆయనకు తెలుసు. జవాబు తెలిసే అడిగారు. నేను ఒప్పుకోవడానికి ఓ సందు తెరిచి పెట్టి, కిటికీ వైపు చూస్తూ కాసేపు ఆగారు.

నేను ఒప్పుకోలేదు. అప్పుడాయన పక్క కుర్చీ లాగి, "సరే, కూర్చో. మొదటి పేజీ నుంచి వద్దాం. నువ్వు చదువు, నేను రాస్తాను" అన్నారు. నాలుగు రోజులు పట్టింది. పుస్తకం నా ఒళ్ళో, కాగితం ఆయన ముందు. గుండ్రం వచ్చినప్పుడల్లా నేను "ఐదు" అనేవాణ్ణి. "ఐదు" అని ఆయన మెల్లిగా అనుకుని రాసుకునేవారు. ఐదు తర్వాత ఐదు, పేజీ తర్వాత పేజీ. ఆ నాలుగు రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా తలెత్తి నా మొహం చూడలేదు.