హుసేన్ సార్ టేప్‌రికార్డర్

నిన్న నేను పాఠం చెబుతుండగా మా కాలేజీ ముందు నుంచి ఒక లారీ హారన్ మోగిస్తూ దూసుకుపోయింది. వచ్చేటప్పుడు కీచుగా, దాటిపోగానే బొంగురుగా వినిపించిన ఆ మోతకు నాకు నవ్వు ఆగలేదు. పిల్లలు వింతగా చూశారు. వాళ్లకు హుసేన్ సార్ తెలియదు.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రోజూ బస్సులో వెళ్లి బీఎస్సీ చదివేదాన్ని. ఇంటర్ దాకా తెలుగు మీడియం. కాలేజీలో ఫిజిక్స్ అంతా ఇంగ్లీషు. హుసేన్ సార్ గొప్పగా చెబుతారని పేరు. నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కేది కాదు. మొదటి పరీక్ష తప్పాక, చదువు మానేస్తానని నాయనతో చెప్పేశాను. బట్టల అంగడి నడిపే మా నాయన, “సోమవారం వచ్చి టీసీ తీసుకుంటాలే” అన్నాడు.

ఆ వారంలోనే సార్ తన సొంత టేప్‌రికార్డర్ క్లాసుకు తెచ్చారు. పాటలు వినిపిస్తారని సంబరపడ్డాం. ఆయన ధ్వని గురించి చెప్పిన తన పాఠాన్నే రికార్డు చేసుకుని వెళ్లారు. మర్నాడు నవ్వుతూ వచ్చి, “ఇంటికాడ ఇన్యానప్పా. రైలు పోయినట్టు పోతాండా. నాకే అర్థం కాలే, మీకేం అర్థమైతాది?” అన్నారు. క్లాసంతా గొల్లుమంది. తన లోపం తానే చెప్పుకుని అంత హాయిగా నవ్విన పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు. “మళ్లీ ఏస్తాండా. యాడ తెలీకపోతే ఆడ చెయ్యెత్తండి, ఆపుతా.”

టేపు తిరిగింది. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎలాగూ మానేసేదాన్ని, నాకేం సిగ్గని నేనే ఎత్తాను. టక్కున ఆపారు.

“ఈడేనా? సరే. నువ్వొచ్చే బస్సు దారిలో శిరివెళ్లలో హారన్ కొట్టుకుంటా పోతే, రోడ్డు పక్కన నిలబడినోళ్లకు ఎట్ల ఇనపడతాది?”

వచ్చేటప్పుడు ఒకలా, పోయేటప్పుడు ఒకలా అన్నాను. ఆయన బోర్డు మీద బస్సు గీసి, దాని చుట్టూ అలలు గీసి, “ఎందుకు?” అన్నారు. తడుముకుంటూ, చేతులు ఊపుతూ, ముందువైపు అలలు ఇరుకవుతాయని, వెనకవైపు సాగుతాయని మా యాసలోనే చెప్పేశాను. ఆయన రికార్డు బటన్ నొక్కి ఉంచిన సంగతి నేను గమనించనే లేదు.

సోమవారం నాయన టీసీ కోసం సార్ దగ్గరికి వచ్చాడు. సార్ ఆ మాట ఎత్తనివ్వకుండా టేపు పెట్టారు. “ఈ పిల్ల చెప్పింది రెండో సెక్షనుకు ఇనిపించినా. నాకంటే బాగా చెప్పిందంట.”

“మా పాపేనా సార్ ఇది?” అన్నాడు నాయన. టేపు అయిపోగానే, “ఇంగోసారి ఏయండి సార్” అన్నాడు. మూడుసార్లు విని, వచ్చిన పని అడగకుండానే బస్సెక్కాడు.

నేనూ ఇప్పుడు నా పాఠాలు ఫోనులో రికార్డు చేసుకుని వింటాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా, ఎక్కడో ఒకచోట నాకే అర్థం కాదు. మర్నాడు క్లాసులో అడుగుపెట్టగానే ఆ సంగతే ముందు చెబుతాను. పిల్లలు గొల్లుమంటారు. అప్పుడు మొదలుపెడతాను పాఠం.