మా అక్క పారిపోలేదు

అక్క చనిపోయిందని గురువారం పొద్దున తెలిసింది. రియాద్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో వార్డు తుడుస్తున్నాను. తర్హీల్ నుంచి, అంటే దేశం దాటించేవరకూ మాలాంటి వాళ్లను బంధించి ఉంచే చోటు నుంచి, అప్పుడే విడుదలైన ఒకామె ఫోన్ చేసి చెప్పింది. కాగితంలో ‘సహజ మరణం’ అని రాశారట. అప్పటినుంచీ నాకు ఆ మాట మీదే మంట.

ఆమె నా తోడబుట్టింది కాదు. ఆమెది కడప వైపు, నాది కోనసీమ. తర్హీల్‌లో ఒకే గదిలో మూడు నెలలు పక్కపక్కన పడుకున్నాం, అంతే.

ఖర్జూరం తోటల మధ్య ఒక ఇంట్లో వంట చేసేది. ఇంటావిడ అక్క చేతిమీద కాగిన నూనె పోసింది. ఆ రోజే అక్క గేటు దాటి, దారి అడుక్కుంటూ పోలీసు స్టేషనుకు నడిచింది. అప్పటికే కఫీలు, అంటే ఆ ఇంటి యజమాని, పనిమనిషి పారిపోయిందని ఫిర్యాదు పెట్టేశాడు. కాలిన చెయ్యి చూపించడానికి వెళ్లిన మనిషిని లోపల వేశారు. విచారణ లేదు, ఇన్నాళ్లని శిక్షా లేదు. ఇక్కడి ‘పారిపోయింది’ అన్న మాటనే, ఆమెను పంపిన ఏజెంటు వాళ్ల ఊళ్లో ఇంకోలా చెప్పాడు, ఎవడితోనో లేచిపోయిందని.

బయటికి వచ్చేవాళ్ల దగ్గర చీటీలుంటే లాక్కునేవారు. అందుకే అక్క అందరి ఇళ్ల ఫోన్ నంబర్లూ కంఠతా పట్టింది. విడుదలయ్యే ప్రతి ఒక్కరి చేతా వాటిని అప్పజెప్పించుకునేది. అంకె తప్పితే నెత్తిన మొట్టేది.

“నాకు సదువు రాదు పాపా, అంకెలు మాత్రం మతికుంటాయి. మనం యాడుండామో ఇంట్లో వాళ్లకు తెలియాల,” అనేది.

ఆసుపత్రి కంపెనీ నా మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుని మళ్లీ పనికి విడిపించుకుంది. అలా నా వంతు వచ్చినప్పుడు తన కూతురి నంబరు అన్నిటికన్నా చివర చెప్పింది. ఫోన్ పెట్టేసినా మళ్లీ చెయ్యమంది.

బయటికి రాగానే చేశాను. ఆ పిల్ల రెండుసార్లు పెట్టేసింది. మూడోసారి ఆమెను మాట్లాడనివ్వకుండా చెప్పేశాను, మీ అమ్మ పోయింది ఎవడి దగ్గరికీ కాదు, పోలీసుల దగ్గరికని. అవతల ఏడుపు. ఒక్కసారి అమ్మతో మాట్లాడించమని బతిమాలింది. అది నావల్ల కాలేదు.

అక్కకి షుగరు. మాత్ర అడిగితే కాపలా ఆమె ‘బుక్రా’ అనేది, రేపని. కాలి పుండు చూపించినా బుక్రా. నేను వచ్చేశాక ఆమె లేవలేక పడిపోయిన రోజు కూడా అదే మాట అన్నారట. రేపు రేపంటూ చంపి సహజమని రాస్తారా? ఇందులో సహజం ఏముంది?

ఇప్పుడు శవం కదలాలన్నా ఆ కఫీలే సంతకం పెట్టాలి. నేనే ఫోన్ చేశాను. పారిపోయిన మనిషితో తనకేం సంబంధమన్నాడు.

నిన్న కూతురు ఫొటో పంపింది. ఇంటి ముందు షామియానా వేశారు. అమ్మ పెట్టె ఎప్పుడొస్తుందో తెలియకుండా ఎందుకమ్మా అని అడిగాను.

“ఊరంతా వచ్చి అడగాల అక్కా. మా అమ్మ యాడికి పోయిందో నేను చెప్పాల.”

ఫొటోలో కుర్చీల నిండా జనం ఉన్నారు. పెట్టె దించడానికి మధ్యలో రెండు బల్లలు జతచేసి ఉంచారు. వాటి మీద ఏమీ లేదు.