గుడ్డ కప్పిన పావుగంట

శ్రీమన్నారాయణుడికి కోటి దండాలు. నోటికి మాట ఇచ్చినవాడు ఆయనే, ఆ మాటను దాచుకునే చోటు ఇచ్చినవాడూ ఆయనే. ఆయన దయను తలుచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టలేను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా అరియాంకుప్పం భక్తుల గోష్ఠిలో పెరిగినవాళ్లెవరూ నమ్మరు. అన్నిటా ఆయనే ఉన్నాడని చిన్నప్పటినుంచి విన్నాక దయ్యానికి ఇక చోటెక్కడ? కాబట్టి ఇది దయ్యం కథ కాదు. మరేమిటో నాకూ తెలియదు.

2007 ప్రాంతంలో పక్క పట్నంలోని వైట్ టౌన్ పేటలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. విదేశీ పుస్తకాల పేజీలు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. మూడు నెలలు చూసి, బాగుంటే ఖాయం చేస్తామన్నారు. ఆ ఏడే నాన్న మంచాన పడ్డాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

మా మేనేజర్ దామోదరన్ గారు అందరి కంప్యూటర్లలో టైమ్ ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టించారు. పావుగంటకొకసారి ఒక చిన్న పెట్టె తెర మీదికొచ్చి ‘ఇప్పుడేం చేస్తున్నారు?’ అని అడిగేది. జవాబు కొడితే గానీ పోదు. కొట్టింది చెరపడానికి వీల్లేదు.

"మీ టైమ్ యాడ పోతాందో మీకే తెలిసేదానికి ఇది. పాస్‌వర్డ్ మీదే. నేను గూడా చూడను" అన్నారాయన.

ఆ సంవత్సరం మా గోష్ఠిలో ఒక సంకల్పం. వైకుంఠ ఏకాదశిలోగా అందరం కలిసి కోటి నామజపం పూర్తి చేయాలి. ఎవరు ఎక్కడున్నా పగలు పన్నెండుకు ముందు పావుగంట జపానికి కూర్చోవాలి. మాల తిప్పే చేతిని గుడ్డతో కప్పుకుంటాం. ఒక మాల పూర్తయితే ఒక చింతగింజ. శనివారం ఆ గింజలను, మూతి మీద గుడ్డ పరిచిన కుండలోకి చెయ్యి దూర్చి వదులుతాం. ఎవరు ఎన్ని వేశారో పక్కవాళ్లకు కూడా తెలియకూడదు.

ఆఫీసులో కుర్చీలోనే కొంగు కింద మాల పెట్టుకుని ఆ పావుగంట గడిపేదాన్ని. బదులుగా సాయంత్రం పావుగంట ఎక్కువ కూర్చునేదాన్ని. పన్నెండుకు పెట్టె అడిగినప్పుడు అబద్ధం కొట్టడానికి చేయి రాలేదు. ‘జపం, మూడు మాలలు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఎవరూ చూడరన్నారు కదా. మర్నాడూ అంతే. అలా రెండు నెలలు దాటింది.

మూడో నెల చివర ఒక శుక్రవారం దామోదరన్ గారు తల వంచుకుని వచ్చారు. పైవాళ్లు అందరి ట్రాకర్ కాగితాలూ అడుగుతున్నారని, సోమవారం ప్రింటు తీసి ఇవ్వాలని చెప్పారు. వాటిని చూసే ఎవరిని ఉంచాలో తేలుస్తారట. నా జపం లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

శనివారం గోష్ఠి ముగిశాక, మా పారాయణం నడిపించే అలమేలు పెద్దమ్మకు అంతా చెప్పాను.

"ఏంది వసంతా! పక్కన కూచున్నోళ్లకి చెప్పనిది పోయి మిషన్‌కి చెప్పినావా?"

"అది అడిగింది పెద్దమ్మా."

"అడిగితే? మీ పెద్దనాయన నలభై ఏండ్లుగా అడగతా ఉండాడు. నేను చెప్పినానా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఏడుపులోనే నాకూ నవ్వొచ్చింది. పెద్దమ్మ నా తల నిమిరింది. "నిజం దాచొద్దు. అడిగితే జపం చేసినానని చెప్పు. లెక్క మాత్రం మీ పైవోళ్ల కంట పడగూడదని సామిని నేనడగతా."

సోమవారం ఉదయం పది గంటలకు, పక్క సీటు మురళి చూస్తుండగా ప్రింటు తీశాను. తెర మీద ప్రతి రోజూ పన్నెండు గంటల వరుసలో నేను కొట్టిన మాటలు ఉన్నాయి. మురళి కూడా చదివాడు. కాగితం మీద ఆ వరుసలో పన్నెండు అన్న అంకె ఉంది, పక్కన ఏమీ లేదు. ఒక్క రోజు కాదు, అన్ని రోజులూ అంతే. మిగతా వరుసలన్నీ నల్లగా, స్పష్టంగా పడ్డాయి.

మళ్లీ తీశాం. అంతే. ప్రింటరు తప్పేమోనని మురళి తన ట్రాకర్‌లో అవే మాటలు కొట్టి, అదే ప్రింటర్‌లో తీశాడు. చక్కగా పడ్డాయి. వాటితో పాటు అతని ‘టీ, క్రికెట్ స్కోరు, టీ’ కూడా పడ్డాయి.

"వసంతక్కా, నా టీలు గూడా చెరిపియ్యమని మీ సామికి చెప్పు. నాలుగన్నా" అన్నాడు.

దామోదరన్ గారు నా కాగితాలు తిప్పి చూశారు. "ఏంది వసంతా, దినామూ ఈ పావుగంట కాలీ?"

ఆ ఖాళీలో ఏ అబద్ధమైనా పట్టేది. పెద్దమ్మ మాట గుర్తొచ్చింది. "జపం చేసినాను సార్. సాయంత్రం పావుగంట ఎక్కువ కూచున్నాను. ట్రాకర్‌లో కొట్టినాను గానీ కాగితం మీదికి రాలేదు."

ఆయన సాయంత్రపు వరుసలు సరిచూసుకున్నారు. లేచి నా తెర దాకా వచ్చారు. చూడబోయి ఆగిపోయారు.

"వద్దులే. చూడనని మాటిచ్చింది నేను గదా. సామే గుడ్డ కప్పినాక నేనెందుకు తీసేది?" అని నవ్వేశారు.

ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఖాయమైంది. మురళి తన టీలతో సహా నిలిచాడు. ట్రాకర్ కాగితాలు ఇక అడగొద్దని దామోదరన్ గారు పైవాళ్లతో గట్టిగా మాట్లాడారు. మరుసటి నెల నుంచి పూర్తయిన పేజీలు ఎన్నో మాత్రమే పంపాం.

తర్వాత మురళి కంప్యూటర్లు బాగుచేసే ఇద్దరిని అడిగాడు. ఒకరు ఫాంటు అన్నారు, ఒకరు వైరస్ అన్నారు. తన కాగితం తీసి చూపిస్తే రెండూ కావని ఒప్పుకున్నారు. నా కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇది చదివినవాళ్లు ఒక్క పని చేయండి. చేతి మీద ఏ గుడ్డో కప్పుకుని, కళ్లు మూసుకుని, నాతో పాటు నారాయణా అనండి. ఎన్నిసార్లు అన్నారో మాత్రం నాకు చెప్పకండి.