చిటపట వెళ్లని మూడో ఊరు

కొండ మలుపుల్లో అతనంత నిదానంగా బండి నడిపేవాడు లేడు. మాటల్లో మాత్రం అతనంత దురుసు మనిషీ లేడు. ఏమడిగినా కాగిన నూనెలో ఆవగింజలా ఎగిరిపడతాడని ట్రావెల్స్ ఆఫీసులో అతనికి చిటపట అని పేరు పెట్టారు. యాభై నాలుగేళ్ల వయసు, ఎనిమిది సీట్ల సొంత వ్యాను. ఎవరూ పెద్దగా వెళ్లని కొండ ఊళ్లని పొద్దున్న బయల్దేరి చూపించి, పొద్దువాలేలోగా కిందికి దించడం అతని పని. ఆ దారిలో ఊళ్లు మూడు. అతను చూపించేవి రెండే. మూడోదానికి దారి బాగాలేదని చెప్పి బండి వెనక్కి తిప్పేసేవాడు. తొమ్మిదేళ్లుగా ఎవరూ గట్టిగా నిలదీయలేదు.

ఆ రోజు ఎక్కినవాళ్లు భార్యాభర్తలు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మొదటి ఊళ్లో మెట్లు ఎక్కువని విసుక్కున్నాడు. రెండో ఊళ్లో చూడ్డానికేముందని విసుక్కున్నాడు. బండి వెనక్కి తిరుగుతుంటే ముందుకు వంగాడు.

"మూడో ఊరేదయ్యా?"

"దారి బాగాలేదు సార్."

"ఇందాక పాలవ్యాను అటునుంచే వచ్చిందిగా. దానికి రెక్కలున్నాయా?"

"అయితే పాలవ్యానే ఎక్కాల్సింది సార్."

"ముప్పై నాలుగేళ్లు పిల్లల అబద్ధాలు విన్నాను. నాకు చెప్పకు. మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యమంటావా?"

"పోనివ్వండి, అలసిపోయాం కదా" అంది భార్య.

"నువ్వూరుకో."

చిటపట బ్రేకు మీద కాలు పెట్టి అద్దంలోంచి ఆయన్ని చూశాడు. "సరే, పదండి. మీ ముచ్చటెందుకు కాదనాలి?" అని స్టీరింగు తిప్పాడు.

దారి బాగానే ఉంది. బాగాలేనిది ఊరికీ అతనికీ మధ్య. ఒకప్పుడు అతను ఆ ఊరి క్వారీలో లారీ తోలాడు. ఇళ్ల కప్పులకి పరిచే నల్ల పలకరాయి అది. ఊరంతా దానిమీదే బతికేది. అతని అక్క మొగుడు అక్కడే మేస్త్రి. ఒకరోజు లోడు కోసం ఆగినప్పుడు, క్వారీ గోడలో నిలువునా ఒక బీట కనిపించింది. వారం తిరక్కుండా అందులో అతని చెయ్యి మణికట్టు దాకా దూరింది. బావకి చెప్పాడు. "నీ పని లారీ తోలడం" అన్నాడు బావ. తనిఖీ అధికారి వచ్చినప్పుడు చిటపట ఆయన్ని వెంటబెట్టుకెళ్లి బీట చూపించాడు. క్వారీ మూసేశారు. ఆరు నెలలకి ఆ గోడ కూలింది. కింద ఒక్క మనిషి లేడు. అయినా ఊరు అతన్ని మెచ్చుకోలేదు. పట్టించుకునే దిక్కులేకే కూలిందని, మా నోటి దగ్గర కూడు లాగేశావని తిట్టిపోసింది. అక్క తలుపేసుకుంది. అతను పెళ్లాంతో కొండ దిగిపోయాడు.

ఊళ్లో బండి ఆగగానే, నీళ్లు మోస్తున్న ఒకామె బిందె దించి నిలబడిపోయింది. టీ కొట్టు ఆమె హెడ్మాస్టరు దంపతులకి రెండు గ్లాసులు ఇచ్చింది. చిటపట చెయ్యి చాపితే, "అయిపోయింది" అంది. కెటిల్ మూతిలోంచి ఆవిరి వస్తూనే ఉంది.

దంపతులు క్వారీ అంచు చూడ్డానికి నడిచారు. చిటపట వాళ్లకి దారి చూపించి వచ్చేసరికి వ్యాను నేలకి చతికిలబడి ఉంది. నాలుగు చక్రాల్లోనూ ఎవరో వాల్వు పిన్నులు పీకేశారు. అరుగుల మీద పదిమంది కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తల తిప్పలేదు.

ఊరికంతటికీ గాలి మిషను ఒక్కటే. అది బావ పంక్చరు షాపులో ఉంది.

షాపు ఇంటి ముందుగదే. లోపలికి తెర. బావ ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తకుండానే, "ఎవర్నడిగి వచ్చావ్?" అన్నాడు.

"నాలుగు పిన్నులు, గాలి. అంతే. నీ మొహం చూడ్డానికి రాలేదు."

"ఊరి కడుపు మీద కొట్టి, ఇప్పుడు గాలి కావాలా?"

"కొట్టకపోతే ఆ గోడ కింద ముందు పోయేవాడివి నువ్వే బావా!"

"నాకు తెలీదనుకున్నావా?" బావ ట్యూబుని తొట్టిలోకి విసిరికొట్టాడు. నీళ్లు చిటపట మొహం మీద పడ్డాయి. "నీకంటే నెల ముందే చూశాను బీట. రెండుసార్లు సిమెంటు పూశాను, కనపడకుండా. ఏం చెయ్యమన్నావ్? అందరూ గిన్నెలు బోర్లించుకు కూర్చోవాలా?"

చిటపట చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

తెర తొలిగింది. అక్క. తొమ్మిదేళ్లలో జుట్టు సగం నెరిసింది. తమ్ముణ్ని చూడలేదు. మొగుణ్నే చూసింది.

"తెలుసా మీకు? తెలిసే నాచేత వాణ్ని తిట్టించారా?"

బావ తొట్టిలోని ట్యూబు మళ్లీ అందుకున్నాడు. ఆమె గాలి మిషను పైపు లాగి, తమ్ముడి గుండెలకేసి కొట్టినట్టు చేతికిచ్చింది. పిన్నుల డబ్బా బల్ల మీద విసిరింది. "గాలి పెట్టుకుని పోరా. ఇద్దరూ ఇద్దరే" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

దిగేటప్పుడు హెడ్మాస్టరు దారి పొడవునా గొణిగాడు, దిగాక ఆఫీసులో ఫిర్యాదు రాశాడు: డ్రైవరుకి మర్యాద తెలీదు, రెండు గంటలు వృథా చేశాడు. చిటపటని వారం రోజులు డ్యూటీ నుంచి తప్పించారు.

నాలుగో రోజు మధ్యాహ్నం అతని గుమ్మంలో అక్క నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రానంది.

"ఆరోజు నాకెందుకు చెప్పలేదురా? ఆయనకి చెప్పావు, ఆఫీసరుకి చెప్పావు. నేను మనిషిని కానా?"

"చెబితే నమ్మేదానివా? తలుపు మొహం మీద వేసిందెవరు?"

"ఇంకోసారి కొట్టాల్సింది!"

"కొడితే తెరిచేదానివా?"

పక్కింటివాళ్లు బయటికొచ్చి మరీ విన్నారు. పెళ్లాం కుర్చీ తెచ్చి గుమ్మంలో వేస్తే, అక్క తిడుతూనే అందులో కూర్చుంది. తండ్రి గొంగళి ఎవరు తీసుకున్నారన్న దగ్గర్నుంచి చిన్నప్పుడు పగలగొట్టిన లాంతరు దాకా అన్నీ వచ్చాయి. క్షమించమని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. మొగుడితో మాట్లాడి మూడు రోజులైందని మాత్రం ఆమె మాటల మధ్యలో అంది.

కొండ మీదికి ఆఖరి బస్సు నాలుగున్నరకి. చిటపట వ్యాను తీశాడు. అక్క వెనక సీట్లో కూర్చుంది. బస్టాండుకి మార్కెట్టు మీదుగా వెళ్లడం దగ్గరా, వంతెన మీదుగానా అని దారంతా పోట్లాడుకున్నారు. బస్సు కదిలేదాకా అతను కిటికీ పక్కనే నిలబడి తన మాటే నిజమని వాదిస్తూ ఉన్నాడు.